అక్కకి చీర డబ్బులు ఫోన్‌పే చేసిన తమ్ముడికి

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకాయన రాశారు. గుంటూరులో బావగారు పోయారట, ఈయన ఫ్యామిలీ గ్రూప్‌లో ‘మై కన్సోలేషన్ టు అక్కయ్య అండ్ చిల్డ్రన్’ అని పెడితే మేనల్లుడు ‘కన్సోలేషన్ ప్రైజా మావయ్యా’ అన్నాడట. ఇంతకీ కన్సోలేషన్ అనాలా కండోలెన్స్ అనాలా, చిన్నపిల్లాడు అంతమందిలో నన్ను అలా అనొచ్చా అని అడుగుతున్నారు.

ఇంగ్లీషు సంగతి ముందు తేల్చేద్దాం. చావు దగ్గర చెప్పేది కండోలెన్స్, మెసేజుల్లో ఎక్కువగా కండోలెన్సెస్ అనే రాస్తారు, దాని లాటిన్ మూలానికి కలిసి బాధపడటం అని అర్థం. కన్సోలేషన్ అంటే ఊరట, సీటు రానివాడికైనా మ్యాచ్ ఓడినవాడికైనా వాడతారు, ఆ ప్రైజుకి పేరు వచ్చింది కూడా అందుకే. మీది తప్పు, కుర్రాడిది రైటు. అయిపోయింది.

ఇప్పుడు మీరు చివర్లో లెక్క అప్పజెప్పినట్టు రాసేసిన ముక్క దగ్గరికి వద్దాం. పోయిన రోజు వెళ్ళి షామియానా కింద కాసేపు కూర్చుని వచ్చేశారు, పెద్దకర్మకి ఆఫీసులో ఆడిట్ ఉందని వెళ్ళలేదు, పుట్టింటి చీరకని ఐదు వేలు మేనల్లుడికి ఫోన్‌పే కొట్టారు. ఏమండీ, ఆవిడ చీర కొనుక్కోలేక ఎదురుచూసిందా? పీటల మీద అక్క, చుట్టూ అత్తింటివాళ్ళు, తమ్ముడు ఏడీ అని ఎవరో అడిగే ఉంటారు, అప్పుడు ఆ పిల్లాడి ఫోన్ టింగుమని ఉంటుంది, వాళ్ళమ్మకి ఏమని చెప్పుంటాడో ఒక్కసారైనా అనుకున్నారా? వాడు వెటకారం చేసింది మీ ఇంగ్లీషుని కాదు సార్.

నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు అక్క వాటా అడిగింది, అప్పట్నుంచీ ‘కొంచెం గ్యాప్’ అని రాశారు. అడగదా మరి? తండ్రి విల్లు రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికీ సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది, పిత్రార్జితంలో కూడా మన దగ్గర ఎన్టీఆర్ హయాంలో 1986లో పెళ్ళికాని ఆడపిల్లలకి ఇచ్చారు, 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది. పైగా చివరికి ఆవిడ ఏమీ తీసుకోకుండా సంతకం పెట్టేసిందని మీరే రాశారు! వదులుకున్నావిడ అలిగితే అర్థముంది, తీసుకున్నాయన అలగడం ఏంటండీ బాబూ. నాకైతే ఇది చదివి ఒళ్ళు మండింది, దాచుకోను.

బస్టాండ్‌లో ఎక్కితే గంటన్నరలో గుంటూరు. మంగళ శుక్రవారాలు కాకుండా చూసుకుని వెళ్ళండి, వస్తున్నానని ముందే చెప్పొద్దు, వంటకి హైరానా పడుతుంది. మీ ఆవిడ వస్తే సరే, రానంటే మీరొక్కరే వెళ్ళండి. ఆడిట్ గురించి చెప్పుకోకండి, చీర ఈసారి మీ చేత్తో పట్టుకెళ్ళండి, మేనల్లుడితో గ్రూప్ మెసేజ్ ఊసే ఎత్తకండి. వాటా విషయం ఏడాది తిరిగేదాకా వద్దు, ఆ తర్వాత మాత్రం మీరే ఎత్తాలి, ఆవిడ అడిగేదాకా కూర్చోకండి.