ఆ ఫొటో ఇచ్చింది నేనే

కమాండో యూనిట్ల గురించి ప్రభుత్వం ఎందుకు నోరు విప్పదు, అంత దాచినా రహస్యాలు ఎలా బయటికొస్తాయి అని అడిగారు. నేను ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే ఫోన్లు, వైర్‌లెస్ చూసే విభాగంలో, హవల్దారుగా రిటైరైనవాణ్ని. ఊరు టంగుటూరు దగ్గర. మీ రెండో ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే జరిగింది.

మా అక్క కొడుకు పారా స్పెషల్ ఫోర్సెస్‌లో, అంటే ఆర్మీ కమాండోల్లో, ఉన్నాడు. చెల్లెలి పెళ్లికి సెలవు మీద వస్తున్నాడని ఊరి కుర్రాళ్లు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పెళ్లికూతురి ఫొటో కంటే వీడిదే పెద్దది. మెరూన్ టోపీ, జేబు మీద ఆ కమాండోలు పెట్టుకునే బలిదాన్ బ్యాడ్జి, కింద పేరు, పటాలం నంబరు, కశ్మీర్‌లో ఏ ఊళ్లో ఉంటాడో కూడా. వాడు రాత్రి పదింటికి బస్సు దిగి, బ్యాగు భుజాన ఉండగానే ఎవరింట్లోనో కొడవలి అడిగి తెచ్చి తాళ్లు కోసేశాడు. ఇంటికొచ్చి నావైపు చూసి, "ఏంది మావయ్యా, నువ్వు కూడానా?" అన్నాడు.

ఆ ఫొటో ఇచ్చింది నేనే. పోస్టింగు చెప్పిందీ నేనే. ఫోన్లో ఏం మాట్లాడకూడదో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఏళ్ల తరబడి చెప్పిన నోరే అది. మేనల్లుడి సంగతి వచ్చేసరికి ఆగలేదు. ఫ్లెక్సీ దిగింది గానీ, అప్పటికే వాట్సాప్ స్టేటస్‌లకెక్కి నాలుగూళ్లు తిరిగింది.

లీకు అనగానే డబ్బుకు అమ్ముడుపోయిన గూఢచారిని ఊహించుకుంటాం. 2023లో అమెరికాలో దొరికిన జాక్ టెషేరాకు 21 ఏళ్లు, ఎయిర్ నేషనల్ గార్డ్ అనే వైమానిక రిజర్వు దళంలో కుర్రాడు. రహస్య పత్రాలు పెట్టింది డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో, తన వీడియో గేముల స్నేహితుల ముందు. ఉక్రెయిన్‌లో ఏ నాటో దేశం స్పెషల్ ఫోర్సెస్ ఎంతమంది ఉన్నారో కూడా వాటిలో ఉంది. 15 ఏళ్ల శిక్ష పడింది. వాడి గొప్పకూ నా గొప్పకూ తేడా ఎంతో నాకైతే తెలియడం లేదు. వల వేసి లాగేవాళ్లూ ఉంటారనుకోండి. 2019 డిసెంబరులో విశాఖ గూఢచర్యం కేసులో అరెస్టయిన నౌకాదళం వాళ్లు వలలో పడింది ఫేస్‌బుక్ పరిచయాలతోనే. ఆ నెలలోనే నేవీ ఫేస్‌బుక్‌నూ, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లనూ నిషేధించింది.

ఇక మొదటి ప్రశ్న. ఇలాంటి యూనిట్లలో మనుషులు తక్కువ. వెళ్లినవాళ్లే మళ్లీ వెళ్లాలి. ఒక ముఖం తెలిస్తే దాని వెనక ఇల్లు, ఊరు, పక్కవాడు అన్నీ తెలుస్తాయి. 1962లో టిబెటన్ శరణార్థులతో పెట్టిన రహస్య దళం, స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ సంగతి చూడండి. దాని గురించి సర్కారు పెదవి విప్పేది కాదు, కానీ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో, వివరాలు ఇవ్వనక్కర్లేని సంస్థల వరసలో, పేరు అచ్చయి ఉంది! 2020లో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గర మందుపాతర పేలి ఆ ఫోర్స్‌కు చెందిన నీమా తెన్‌జిన్ చనిపోతే, లేహ్‌లో అంత్యక్రియలకు వెళ్లిన మన బీజేపీ నేత రామ్ మాధవ్ ట్వీట్ పెట్టి, తర్వాత తీసేశారు.

మనుషుల్ని దాచడం నాకు అర్థమవుతుంది. తప్పుల్ని దాచడమే మింగుడుపడదు. 2022లో బ్రిటన్ రక్షణ శాఖ నుంచి, తాలిబన్ల భయంతో బ్రిటన్‌కు వస్తామని అర్జీ పెట్టుకున్న దాదాపు 19,000 మంది అఫ్గాన్ల వివరాలున్న పట్టిక పొరపాటున బయటికి పోయింది. బ్రిటన్ సొంత స్పెషల్ ఫోర్సెస్, గూఢచారుల పేర్లు కూడా ఆ లీకులో ఉన్నాయి. 2023లో కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, 2025 జూలై దాకా ఆ మాటే ఎవరూ ఎత్తకుండా చేశారు. తాలిబన్లు వెతికితే దొరికేది ఆ పట్టికలోని మనుషులు, వాళ్లకే చెప్పలేదు. మన చట్టంలో కనీసం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ రెండో షెడ్యూలు అడ్డు రాకుండా మినహాయింపు ఉంచారు.

ఇప్పుడు వాడు ఫోన్ చేస్తే "బాగున్నా, తిన్నా" అంటాడు, ఎక్కడున్నావని నేను అడగను. ఆ ఫ్లెక్సీ మా గడ్డివాము మీద బొమ్మ లోపలికి తిప్పి కప్పి ఉంది.