వాన్‌స్టెడ్ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. లండన్ తూర్పు శివారులోని వాన్‌స్టెడ్ హౌస్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగుంది. కానీ మొదటి పేజీలోనే "గోడలు గుసగుసలాడాయి" అన్నావు చూడు, ఒళ్ళు మండింది. 1825 నాటికే పడగొట్టేసిన ఇంటికి గోడలెక్కడివి? ఇప్పుడక్కడ ఉన్నది గోల్ఫ్ మైదానం, అందులో ఒక పల్లం.

పెద్ద ఇంటి గురించి రాసేవాళ్ళు ముందు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎటు పోయిందో చెప్పాలి. 1673లో ఆ ఎస్టేటు కొన్న జొసయా చైల్డ్‌ను "సంపన్న వర్తకుడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఈస్టిండియా కంపెనీకి గవర్నరుగా చేసినవాడమ్మా! మన బందరు, మాధవాయపాలెం బట్టను ఓడకెక్కించిన కంపెనీ. తెలుగులో రాస్తూ ఆ మాటే వదిలేస్తే ఎలా?

1578లో ఎలిజబెత్ రాణి దిగిన పాత ఇల్లు, 1715 తర్వాత జొసయా కొడుకు రిచర్డ్, వాస్తుశిల్పి కాలిన్ క్యాంప్‌బెల్ చేత కట్టించిన కొత్త భవనం, అందులో అద్దెకున్న ఫ్రెంచి రాజవంశీకులు, ఇవన్నీ సరిగానే రాశావు.

అసలు కథ 1822 వేలం. వారసురాలు కేథరిన్‌ను 1812లో పెళ్ళాడిన విలియం, మన దత్తమండలాలు కంపెనీ చేతికి పోయినప్పటి గవర్నర్ జనరల్ వెల్లస్లీకి తమ్ముడి కొడుకు. పీకల్లోతు అప్పుల్లో పడ్డాడు. సామాను పాట 32 రోజులు సాగింది. ఆపైన భవనాన్నే రాయీ కలపా లెక్కన 10,000 పౌండ్లకు అమ్మేశారు. నీ వ్యాసంలో దీనికి అరవాక్యం, వెన్నెలకు రెండు పేరాలు!

వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక జమీందారు మేడ మీద రాశాను. మేడ అప్పటికే లేదు. పాత కలప దుకాణంలో దాని టేకు తలుపు కనబడింది, ఇత్తడి బొడిపెల మధ్య సుద్దముక్కతో రాసిన ధరతో సహా. ఆ ధరా, కొన్న మేస్త్రీ బేరం అంతా రాసి పంపితే, ఎడిటరుగారు "అంకెలు బోరు" అని కొట్టేసి "శిథిల స్వప్నం" అని పేరు పెట్టి వేశారు. ఇప్పటికీ ఆ పత్రికలవాళ్ళకి శిథిలమంటే వెన్నెలే కావాలి.

వేలం జాబితా అప్పట్లోనే అచ్చయింది. సంపాదించు. ఏ గదిలో ఏం పోయిందో చూసి, మొదటి రెండు పేరాలు తీసేసి తిరగరాయి. గుర్రపుశాల ఇప్పుడు గోల్ఫ్ క్లబ్బువాళ్ళ చేతిలో ఉందన్న సంగతి ఫోటో కింద కాదు, వ్యాసంలో ఉండాలి.

ఉంటాను.