ఆటిజం ఉన్న బాబు కోసం ఇల్లు ఎలా ఉండాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. తలుపు తీసి ఉంటే బయటికి పరుగెడతాడు. ఇప్పుడు 150 గజాల్లో ఇల్లు కడుతున్నాం. వంటింటిని హాల్లో కలిపి, బాబు గదికి బొమ్మలు వేయిద్దామని ఇంజినీరు అంటున్నారు. మంచిదేనా? – ఒక తల్లి

జవాబు: వంటింటిని హాల్లో కలపవద్దమ్మా. బాబును వేధిస్తున్నది ముందుగా శబ్దం. టైల్స్ నేల, నున్నటి గోడలు ఉన్న ఖాళీ హాల్లో కుక్కర్ కూత గోడలకు తగిలి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. వంటింటికి తలుపు పెట్టించండి. హాల్లో మందపాటి పరదాలు కట్టి, జంపఖానా పరవండి. జంపఖానాలు నేసే కొత్తవాడ మీ పక్కనే ఉండగా వెతుక్కోవలసిన పని లేదు. నీళ్ల మోటారు, ఇన్వర్టర్ బాబు పడుకునే గదికి దూరంగా ఉండాలి.

ఈజిప్టు ఆర్కిటెక్ట్ మాగ్డా మొస్తఫా ఆటిజం పిల్లలు మెలిగే భవనాలకు ఏడు సూత్రాలు రూపొందించారు. శబ్దాన్ని అదుపు చేయడం వాటిలో ఒకటి. ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు తప్పుకోవడానికి ఒక చోటు ఉండాలన్నది ఇంకొకటి. ఆ చోటు మీ బాబు తనే వెతుక్కున్నాడు, మంచం కింద! కొత్త ఇంట్లో మెట్ల కిందో, గది మూలనో చిన్న పరుపు, మసక వెలుగుతో అలాంటిది ఏర్పాటు చేయండి. తలుపు వద్దు. అల్లరి చేసినందుకు శిక్షగా మాత్రం అక్కడికి పంపకండి. పంపితే ఇక అటు వెళ్లడు.

గోడ మీద బొమ్మలు పెద్దవాళ్ల సరదా. లేత రంగు ఒక్కటి చాలు. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్లు వద్దు. అయితే పిల్లలందరూ ఒకేలా ఉండరు. కొందరికి కదలిక ఎంతైనా చాలదు. బాబుకు ఊగడం ఇష్టమైతే స్లాబు పోసేటప్పుడే ఉయ్యాల కొక్కెం వేయించండి.

భద్రత దగ్గర పొదుపు చూడవద్దు. ఇలా పరుగెత్తే పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి. అందుకే సంపుకు తాళం పడే మూత తప్పనిసరి. పిట్టగోడ ఎత్తుగా, కాలు మోపి ఎక్కడానికి వీలులేకుండా ఉండాలి. బాత్రూం గడియ బయటినుంచి కూడా తీయగలగాలి.

ఇల్లు ఎంత బాగా కట్టినా థెరపీ ఆపవద్దు. వినికిడి పరీక్ష ఇంతవరకు చేయించకపోతే చేయించండి. ప్లాన్‌ను ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా పిల్లలకు తర్ఫీదు ఇచ్చే నిపుణులు) ఒకసారి చూపించండి. గృహప్రవేశానికి ముందే, పని లేని రోజుల్లో బాబును తీసుకెళ్లి గదులన్నీ తిప్పండి. ఆ రోజు హోమం పొగ, సన్నాయి, చుట్టాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి కాబట్టి, బాబుకు అలవాటైన మేనమామనో పిన్నినో పూజ పనులకు పిలవకుండా అతని వెంటే ఉంచండి.