గడ్డకట్టిన కాలువ రంగు తెలుపు కాదు

ప్రశ్న: నెదర్లాండ్స్ చిత్రకారుడు హెన్‌డ్రిక్ ఆవర్‌కాంప్ వేసిన, గడ్డకట్టిన కాలువ మీది స్కేటింగ్ బొమ్మను మా బడి పిల్లల కోసం ఆయిల్ రంగుల్లో నకలు చేస్తున్నాను. నేల సున్నం కొట్టిన గోడలా వస్తోంది, మనుషులు గాల్లో తేలుతున్నారు. లోపం ఎక్కడుంది?
– డ్రాయింగ్ టీచరు, గుంటూరు

జవాబు: ఇది 1608 ప్రాంతంలో చెక్క పలక మీద వేసిన చిత్రం. సుమారు 77 సెం.మీ. ఎత్తు, 132 సెం.మీ. వెడల్పు ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. మ్యూజియం వెబ్‌సైటులో దాన్ని బాగా పెద్దది చేసి గడ్డమంచు ఉన్న భాగమే చూడండి. అచ్చ తెలుపు ఎక్కడా పరుచుకుని ఉండదు. లేత గోధుమ, బూడిద, పలచని గులాబీ ఛాయలే కనిపిస్తాయి.

ముందు ప్రైమర్ వేసిన బోర్డుకు టర్పెంటైన్‌లో పలచన చేసిన రా సియెన్నా (పసుపు కలిసిన గోధుమ మట్టి రంగు) పూసి, గుడ్డతో తుడిచెయ్యండి. అది పూర్తిగా ఆరాలి. ఆరకముందే పైన తెలుపు వేస్తే రెండూ కలిసి మురికిగా తయారవుతాయి. తర్వాత పది వంతుల తెలుపుకి ఒక వంతు ఎల్లో ఆకర్ (పసుపు మట్టి రంగు), సూదిమొనంత నలుపు కలిపి, కింది రంగు అక్కడక్కడ కనబడేలా పలచగా లాగండి. అప్పటి చిత్రకారులు వాడింది సీసపు తెలుపు. ఇప్పుడు మన చేతిలో ఉన్న టైటానియం తెలుపు అంతకంటే ఎక్కువగా కప్పేస్తుంది. గోడలా కనిపించడానికి కారణం అదే. సీసం విషం కాబట్టి పాత తెలుపు జోలికి పోవద్దు. టైటానియాన్నే తక్కువగా వాడండి.

మనుషుల సంగతి కొలతతో తేలిపోతుంది. 40 × 30 సెం.మీ. బోర్డు అడ్డంగా పెట్టుకుంటే, పై అంచు నుంచి 10 సెం.మీ. కింద దిగంతరేఖ గీయండి. చూసేవారి కన్ను మూడు నిలువుల ఎత్తులో ఉందనుకుంటే, నిలబడ్డ మనిషి ఎత్తు అతని పాదాల నుంచి దిగంతరేఖకు ఉన్న దూరంలో మూడో వంతు ఉండాలి. పాదాలు 15 సెం.మీ. కిందుంటే మనిషి 5 సెం.మీ., 6 సెం.మీ. కిందుంటే 2 సెం.మీ. నేల చదునుగా ఉన్నంతవరకూ ఈ లెక్క తప్పదు. దూరం పోయేకొద్దీ బట్టల రంగులో నేల రంగు కలుపుతూ వెలిసినట్టు చెయ్యండి. ఆకాశం మబ్బుగా ఉంది కాబట్టి పొడవాటి నీడలు వద్దు. పాదాల కింద రెండు మూడు పొట్టి నిలువు గీతలు, మసక ప్రతిబింబంలా వేస్తే చాలు, మనిషి నేలమీద నిలబడతాడు.

ప్రశ్న: ఆ రోజుల్లో స్కేట్లు ఎలా ఉండేవి? అంతమందీ ఆటకే వచ్చారా?
– కాలేజీ విద్యార్థి, వరంగల్

జవాబు: చెక్క అట్ట, దాని కింద ముందుకి వంపు తిరిగిన ఇనుప పట్టీ, మామూలు బూట్లకే కట్టుకునే తోలు వార్లు. పట్టీ అంచు గడ్డమంచును కోసి పట్టు ఇస్తుంది కాబట్టి కాలితో పక్కకు తోసి ముందుకు పోవచ్చు. అంతకుముందు వాడిన ఎముక స్కేట్లకు ఆ అంచు లేదు. ఇనుప మొన కర్రతో పొడుచుకుంటూ పోవాల్సిందే. వార్లు వదులవుతూ ఉంటాయి కనుక, చిత్రాల్లో ఎవరో ఒకరు వంగి కట్టుకుంటూ కనబడతారు.

ఆటకే కాదు. నెదర్లాండ్స్ లాంటి, నీటిదారుల మీద నడిచే దేశంలో కాలువ గడ్డకడితే పడవలు ఆగిపోతాయి, పని మాత్రం ఆగదు. రెల్లు మోపులు మోసేవాళ్లు, గుర్రపు స్లెడ్జిలు (మంచు మీద జారే బళ్లు), కర్రతో బంతి కొట్టే కోల్ఫ్ ఆటగాళ్లు అందరూ ఒకే నేలమీదకు వస్తారు. ఆవర్‌కాంప్ ఈ సంతను నవ్వుతూ చూస్తాడు గానీ ఎండిన కళేబరాన్ని పీకే కుక్కనూ కాకినీ వదిలెయ్యడు. ఎడమ మూల కర్రకు ఆనించిన పాత తలుపు పిట్టల ఉచ్చు: కింద గింజలు చల్లి, దూరం నుంచి తాడు లాగితే తలుపు పడుతుంది. 1607–08 చలికాలం చాలా తీవ్రమైనది. ఆ ఏడాది తిండి దొరకని పిట్టలు గింజల కోసం రావడం మామూలే.

ప్రశ్న: ఆనాటి చిత్రాల్లో కొన్ని ఆకాశాలు నీలంగా కాక బూడిద రంగులో ఎందుకుంటాయి?

జవాబు: కొన్నిట్లో చిత్రకారుడి ఉద్దేశమే అది. ఇంకొన్నిట్లో మాత్రం స్మాల్ట్ మోసం చేసింది. స్మాల్ట్ అంటే కోబాల్ట్ కలిపిన నీలి గాజు పొడి. నూనెలో ఏళ్లు గడిచేకొద్దీ గాజులోని పొటాషియం బయటికి పోయి నీలం వెలిసిపోతుంది. నకలు చేసేటప్పుడు ఇప్పుడు కనబడే రంగునే పట్టండి. ఒకప్పటి నీలాన్ని ఊహించి వేస్తే చుట్టుపక్కల రంగులతో అది పొసగదు.