వార్నిష్ బ్రష్ ప్రతిసారీ గట్టిపడిపోతోందా? వెంట్రుకల వేరు దాకా కడగండి

మీ ప్రశ్న చదవగానే మా అమ్మమ్మ గారి ఉయ్యాల బల్ల గుర్తొచ్చిందండీ. పాత టేకు తలుపులకు ఆయిల్ వార్నిష్ ఒక కోటు వేసి, బ్రష్‌ను థిన్నర్‌లో కడిగి ఆరబెట్టానని రాశారు. వారం తర్వాత తీస్తే కర్రలా బిగుసుకుపోయిందట. మళ్లీ థిన్నర్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక రెండో కోటు వేస్తే తలుపంతా ఇసుక చల్లినట్టు గరుకు చుక్కలు తేలాయన్నారు. కోటుకో కొత్త బ్రష్ కొనాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదండీ. నా దగ్గర రెండంగుళాల పంది వెంట్రుకల బ్రష్ ఒకటి పదకొండేళ్లుగా ఉంది, ఇప్పటికీ ఒక్క గీత పడకుండా వార్నిష్ పరుస్తుంది.

పాత సామాన్లు బాగుచేసే పని మొదలుపెట్టిన కొత్తలో నాకూ అచ్చం మీకు జరిగినట్టే జరిగింది. ఉయ్యాల బల్లకు మొదటి కోటు అద్దంలా వచ్చింది. బ్రష్ కడిగాను, పైకి శుభ్రంగానే కనిపించింది. రెండో కోటులో బల్ల నిండా చుక్కలు. గాల్లో దుమ్ము అనుకుని తలుపులన్నీ మూసి, గీకి మళ్లీ వేశాను. మళ్లీ చుక్కలే. అప్పుడు పక్క వీధిలో ఉండే పాలిష్ మేస్త్రి గారిని పిలిచాను. ఆయన బల్ల వైపు చూడనే లేదు. బ్రష్ అడిగి తీసుకుని, వెంట్రుకలను పిడికి బిగించే రేకు పట్టీ దగ్గర వాటిని రెండు బొటనవేళ్లతో పాయ తీసి నా కళ్ల ముందు పెట్టారు. వెంట్రుకల మొదళ్లలో గసగసాలంత గింజలు, తేనె రంగులో, వరసగా అంటుకుని ఉన్నాయి. గోటితో గీరితే పొడిలా రాలాయి. "కొసలు కడిగావమ్మా, వేరు కడగలేదు" అన్నారు. నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోంచే మొదలైంది.

మీ బ్రష్‌లోనూ జరిగింది ఇదే. ఆయిల్ వార్నిష్ ఆరడమంటే తడి ఆవిరైపోవడం మాత్రమే కాదు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని కొత్త పదార్థంగా మారిపోతుంది. ఒకసారి అలా గట్టిపడిందంటే టర్పెంటైన్ పోసినా, థిన్నర్ పోసినా తిరిగి కరగదు. థిన్నర్ దాన్ని ఉబ్బించి, ముక్కలు చేస్తుందంతే. బ్రష్ మెత్తబడినట్టు మనకు అనిపిస్తుంది గానీ, విరిగిన ఆ ముక్కలే తర్వాతి కోటులో చుక్కలుగా తేలతాయి. పైగా మన బజార్లో థిన్నర్ అని అమ్మేది చాలా త్వరగా ఎగిరిపోయే రకం. మొదళ్లలోని వార్నిష్ కదిలేలోపే కొసలు ఆరిపోయి, కడగడం అయిపోయిందనిపిస్తుంది. ఆయిల్ వార్నిష్‌కు టర్పెంటైనే సరైనది. మినరల్ టర్పెంటైన్ అని, ఎం.టి.ఓ. అని పెయింట్ షాపులో దొరుకుతుంది. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి వేరు దాకా దిగే సమయం ఉంటుంది.

అసలు బ్రష్‌ను కాపాడుకోవడం కడిగేటప్పుడు కాదు, ముంచకముందే మొదలవుతుంది. ఇది చాలామంది చెప్పరు. పని మొదలుపెట్టే ముందు బ్రష్‌ను రేకు పట్టీ దాకా టర్పెంటైన్‌లో ముంచి, ఒక నిమిషం ఉంచి, పాత గుడ్డతో పిండెయ్యాలి. అప్పుడు మొదళ్లలో టర్పెంటైన్ చేరి ఉంటుంది కాబట్టి వార్నిష్ పైకి పాకినా అక్కడ అంటుకుని ఎండిపోదు. ఆ తర్వాత వార్నిష్‌లో వెంట్రుకల పొడవులో మూడో వంతు వరకే ముంచండి. డబ్బాలో నేరుగా ముంచకుండా గిన్నెలోకి కొంచెం పోసుకుంటే, బ్రష్‌లోని చెత్త డబ్బాలోకి పోదు. నాకు ఈ ఒక్క అలవాటుతోనే కడిగే శ్రమ సగం తగ్గింది.

పని అయ్యాక పది నిమిషాలు కూడా ఆగకండి. ముందు బ్రష్‌ను పాత న్యూస్‌పేపర్ మీద ఒత్తి రాస్తూ మిగిలిన వార్నిష్ దించెయ్యాలి. తర్వాత మూడు గాజు సీసాలు, పచ్చడి సీసాల్లాంటివి, ఒక్కోదాంట్లో రెండంగుళాల టర్పెంటైన్ పోసుకోండి. మొదటి సీసాలో బ్రష్‌ను అడుగుకు ఆనించి అటూ ఇటూ వంచుతూ, చేతికి గ్లోవ్స్ వేసుకుని మొదళ్లను వేళ్లతో నలపాలి. నెయ్యి చేతికి అంటుకుంటే ఎలా నలుపుతామో అలాగే. బయటకు తీసి పిండి, రెండో సీసా, మళ్లీ పిండి, మూడోది. మూడో సీసాలో టర్పెంటైన్ రంగు మారకపోతే బ్రష్ శుభ్రమైనట్టు. మారితే ఇంకో విడత. పిండాక పిడిని రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు గబగబా తిప్పండి, లోపలిదంతా చిమ్ముతుంది. అట్టపెట్టెలో పెట్టి తిప్పితే గోడలు పాడవవు.

ఇక్కడితో ఆపేసినా పర్వాలేదు గానీ నేను ఇంకో పని చేస్తాను. ఎంత కడిగినా టర్పెంటైన్‌లో కలిసిన సన్నటి వార్నిష్ పొర వెంట్రుకల మీద మిగులుతుంది. దాన్ని సబ్బుతో గానీ కుంకుడుకాయ రసంతో గానీ వదిలిస్తాను. పంది వెంట్రుకలైనా వెంట్రుకలే కదా, మన తలకు పనికొచ్చిందే వాటికీ పనికొస్తుంది. గోరువెచ్చటి నీళ్లు చాలు, మరిగేవి వద్దు. నురుగు తెల్లగా వచ్చేదాకా రుద్ది, కడిగి, పాత దువ్వెనతో మొదలు నుంచి కొస దాకా దువ్వుతాను. తర్వాత ఖాకీ కాగితాన్ని కుచ్చు చుట్టూ బిగించకుండా చుట్టి, కొస దగ్గర మడిచి, పిడికి ఉన్న రంధ్రంతో మేకుకు తగిలిస్తాను. కాగితం తడి పీల్చుకుంటుంది, కుచ్చు ఆకారం చెడదు. బ్రష్‌ను తడిగా ఉన్నప్పుడు కొసల మీద నిలబెట్టి వదిలేస్తే మాత్రం వంగిపోయి, ఇక ఎప్పటికీ తిన్నగా రాదు.

రేపు మళ్లీ అదే వార్నిష్ వెయ్యాలి అనుకుంటే ఇంత పని అక్కర్లేదు. ఒకసారి కడిగి, పిడి రంధ్రంలోంచి తీగ దూర్చి, సీసా మూతి మీద అడ్డంగా ఆనేలా టర్పెంటైన్‌లో వేలాడదీయండి. కొసలు అడుగుకు తగలకూడదు, ఎందుకంటే మడ్డి అంతా అక్కడే చేరుతుంది.

వాడిన టర్పెంటైన్ పారబోయకండి. మూత బిగించి వారం పది రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి, పైన తేట మిగులుతుంది. దాన్ని వేరే సీసాలోకి వంచుకుంటే మొదటి కడుగుకు మళ్లీ పనికొస్తుంది. మడ్డిని రంపపు పొట్టులో కలిపి, కుప్పగా కాకుండా పలచగా పరిచి ఆరుబయట ఎండనిస్తాను. మురుగు కాలువలో పోస్తే అది చివరికి చేరేది చెరువుకో, గోదారికో.

గుడ్డల సంగతి ఇక్కడే చెప్పాలి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె గానీ ఆయిల్ వార్నిష్ గానీ తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే, అది ఆరుతున్నప్పుడు పుట్టే వేడి బయటకు పోలేక లోపలే పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. ఇలా ఇళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి. ఒకసారి నేను చేతి సంచిలో కుక్కి ఉంచిన గుడ్డను గంట తర్వాత తీస్తే ఇస్త్రీ చేసిన బట్టంత వేడిగా ఉంది. అప్పటి నుంచి ఒక్కో గుడ్డను విడివిడిగా పరిచి బయట దండెం మీద ఆరేస్తాను, లేదా నీళ్ల బకెట్‌లో ముంచేస్తాను. టర్పెంటైన్‌కూ మంట దగ్గర చోటు లేదు. దాని ఆవిరి అంటుకోవడానికి సుమారు 35 డిగ్రీల వేడి చాలు. మన మే నెలలో నీడలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. వంటగదిలో, దీపం ఉన్న గదిలో అస్సలు కడగకండి.

మీరు తర్వాత గుమ్మాలకు స్పిరిట్ పాలిష్ కూడా చేయిస్తానన్నారు కాబట్టి రెండు మాటలు. అది స్పిరిట్‌లో కరిగించిన లక్క, దాని స్వభావం పూర్తిగా వేరు. స్పిరిట్ ఎగిరిపోతే లక్క మిగులుతుంది, మళ్లీ స్పిరిట్ తగిలితే తిరిగి కరుగుతుంది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ ఈ లక్కే. అక్కడ తిరిగే కొయ్య రాపిడి వేడికి కరిగించి పూస్తారు, మనం స్పిరిట్‌లో కరిగిస్తాం. అందుకే లక్క బ్రష్ రాయిలా ఎండిపోయినా కంగారు పడాల్సిన పని లేదు. అరగంట స్పిరిట్‌లో ఉంచితే ఏమీ జరగనట్టు మెత్తబడుతుంది. నేను దాన్ని కడగనే కడగను, పిండి, కుచ్చును కొస దగ్గర సన్నగా సర్ది ఆరనిస్తాను. కుంకుడు రసం, నీళ్లు దీనికి వద్దు. వెంట్రుకల్లో తడి మిగిలితే పాలిష్ మీద తెల్లటి పొగలా మచ్చలు వస్తాయి. వానాకాలంలో గాలి తడికే వస్తాయి, ఇక బ్రష్ తడి కూడా తోడైతే చెప్పక్కర్లేదు. లక్కకు ఒకటి, వార్నిష్‌కు ఒకటి విడిగా పెట్టుకుని పిడుల మీద రాసుకోండి.

రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) పూత అయితే, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. డబ్బా మీద రాసిన గంటలు దాటితే బ్రష్‌ను ఏ ద్రావకమూ కాపాడలేదు. ఆ కంపెనీ పీయూ థిన్నర్‌తో పని మధ్యలోనే ఒకసారి కడగాలి. నేనైతే దానికి చవక బ్రష్ వాడి పక్కన పెట్టేస్తాను, మంచి బ్రష్ తియ్యను. నీళ్లతో కలిపే ఫినిష్‌కు నైలాన్ బ్రష్ కావాలి, సహజ వెంట్రుకలు నీరు పీల్చి విచ్చుకుపోతాయి.

ఇక మీ దగ్గరున్న బిగుసుకుపోయిన బ్రష్. పెయింట్ రిమూవర్ ఉంటే గ్లోవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట మొదళ్లకు బాగా పట్టించి, అరగంట తర్వాత దువ్వెనతో లాగి, టర్పెంటైన్‌తో, ఆ తర్వాత సబ్బుతో కడగండి. వేడి వాషింగ్ సోడా నీళ్లలో పెట్టమని కొందరు చెబుతారు, వార్నిష్ ఊడుతుంది గానీ పంది వెంట్రుకలు కూడా పెళుసెక్కుతాయి. ఎండాక వెంట్రుకలు పాయ తీసి చూడండి. ఒక్క గింజ కనిపించినా అది ఇక ఫెవికాల్ రాయడానికో, మూలల్లో దుమ్ము దులపడానికో పనికొస్తుంది, తలుపుకు మాత్రం వాడొద్దు.

తలుపుల మీద పడిన చుక్కలకు తొందరపడకండి. గోరు నొక్కితే గుర్తు పడనంత గట్టిగా ఆరనివ్వండి, వారం పట్టినా సరే. 320 నంబరు ఉప్పుకాగితంతో కొయ్య పొడవు వెంట తేలిగ్గా రుద్దితే చుక్కలు పోతాయి. పొడి గుడ్డతో దులిపి, టర్పెంటైన్ చెమ్మ ఉన్న గుడ్డతో ఒకసారి తుడవండి. కొత్త బ్రష్ తెచ్చాక అరచేతి మీద గట్టిగా పదిసార్లు కొట్టి ఊడే వెంట్రుకలు ఏరేసి, టర్పెంటైన్‌లో ముంచి పిండి, అప్పుడు మూడో కోటు మొదలుపెట్టండి. ముందు తలుపు వెనక వైపు ఒక పలక వేసి చూసుకుని, ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి, చూస్తాను.