జీతంలో ఎక్కువ కట్ చేశారు, కట్ చేసింది 26ఏఎస్‌లో లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నాను. జీతం నెలకు 1,08,000. కొత్త పన్ను విధానంలోనే ఉన్నాను. 2025 ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా నెలనెలా 5,473 రూపాయలు టీడీఎస్ (జీతంలోంచే ముందుగా పట్టుకునే పన్ను) కట్ చేశారు. అంత పడదని తోటివాళ్లు అంటున్నారు. 2026 జనవరిలో ఫారం 26ఏఎస్ (నా పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తీసి చూస్తే ఏప్రిల్, మే, జూన్ తప్ప ఇంకేమీ లేదు. అకౌంట్స్‌లో అడిగితే ‘సాఫ్ట్‌వేర్ లెక్క సార్, మా చేతుల్లో లేదు’ అన్నారు. రిటర్న్ వేసేటప్పుడు చూసుకోవచ్చని వదిలేయనా?

జవాబు: వదిలేయొద్దండీ. మీ తోటివాళ్లు చెప్పింది నిజం. మీ దగ్గర జరిగినవి రెండు వేర్వేరు తప్పులు. ఒకటి లెక్కలో, రెండోది కట్ చేసిన డబ్బు మీ ఖాతాలో చూపించడంలో. మొదటిది మీరు తలచుకుంటే ఈ నెలలోనే ఆగుతుంది. రెండోది కాలేజీ వాళ్లు తప్ప ఎవరూ సరిచేయలేరు. రిటర్న్ దాకా ఆగితే ఇబ్బంది పెట్టేది ఆ రెండోదే.

ముందు లెక్క చూద్దాం. ఏడాదికి మీ జీతం 12,96,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12,21,000. శ్లాబుల ప్రకారం దీని మీద పన్ను 63,150, నాలుగు శాతం సెస్ కలిపితే 65,676. దాన్ని పన్నెండుతో భాగించండి, సరిగ్గా 5,473 వస్తుంది. మీ అకౌంట్స్ వాళ్లు చేసింది ఇదే. శ్లాబులు వేశారు, మార్జినల్ రిలీఫ్ మరిచిపోయారు. 12 లక్షల దాకా పన్ను లేనప్పుడు 12 లక్షల 21 వేలు వచ్చిన మనిషి 63 వేలు కట్టాలంటే, 21 వేలు ఎక్కువ సంపాదించినందుకు 42 వేలు నష్టపోయినట్టు. అలా జరగకూడదనే, 2025-26కు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 87ఎలో ఒక రక్షణ ఉంది. మార్జినల్ రిలీఫ్ అంటే అదే. 12 లక్షలు దాటిన మొత్తం ఎంతో, పన్ను అంతకు మించకూడదు. అంటే మీకు పన్ను 21,000, సెస్ 840, మొత్తం 21,840. నెలకు 1,820 పడాల్సిన చోట 5,473 పడింది.

డిసెంబర్ దాకా మీ జీతంలోంచి పోయింది 49,257. ఏడాది మొత్తానికి పడాల్సిన దానికన్నా ఇది ఇప్పటికే 27,417 ఎక్కువ. సాఫ్ట్‌వేర్ అన్నది సాకు మాత్రమే. అందులో అంకెలు వేసేది మనిషే. పైగా ముందు నెలల్లో ఎక్కువ, తక్కువ కట్ చేసి ఉంటే అదే ఆర్థిక సంవత్సరంలో మిగతా నెలల్లో సర్దుకోవచ్చని సెక్షన్ 192(3) స్పష్టంగా చెబుతోంది. జనవరి జీతాల బిల్లు తయారయ్యేలోపు అకౌంట్స్‌కు మెయిల్ పెట్టండి, ప్రిన్సిపాల్‌గారికి కాపీ పెట్టండి. కొండవీటి చాంతాడంత రాయక్కర్లేదు, ఇంత చాలు:

‘2025-26కు నా జీతం 12,96,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,21,000. సెక్షన్ 87ఎ మార్జినల్ రిలీఫ్‌తో, సెస్ కలిపి పన్ను 21,840. డిసెంబర్ వరకు 49,257 కట్ అయింది. కాబట్టి సెక్షన్ 192(3) ప్రకారం జనవరి నుంచి మార్చి వరకు నా జీతంలో టీడీఎస్ ఆపవలసిందిగా కోరుతున్నాను.’

వాళ్లు ఆపితే మూడు నెలల్లో 16,419 మీ చేతికే వస్తుంది. ఇప్పటికే ఎక్కువ పోయిన 27,417 మాత్రం రిటర్న్ వేసి రిఫండ్‌గా తెచ్చుకోవాలి. కట్టేసిన పన్నును కాలేజీ నగదుగా తిరిగి ఇవ్వదు, అడగొద్దు కూడా. పే స్లిప్‌లో పీటీ అని కనిపించే 200 వృత్తి పన్ను. అది రాష్ట్రానికి వెళ్తుంది, దీంతో కలపకండి.

మెయిల్ పంపే ముందు ఒక్కసారి మీ బ్యాంకు వడ్డీలు చూసుకోండి. మార్జినల్ రిలీఫ్‌లో ఉన్నవాళ్లకు పైన వచ్చే ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 20,000 వడ్డీ వచ్చిందనుకుందాం. మీ పన్ను 21,840 నుంచి 42,640 అవుతుంది. 20,000 వడ్డీకి 20,800 పన్ను! ఆదాయం 12,70,000 కాస్త దాటగానే ఈ విచిత్రం ఆగిపోయి మామూలు శ్లాబులే వర్తిస్తాయి. మీకు అంత వడ్డీ ఉన్నా, ఇప్పటిదాకా కట్ అయిన 49,257 సరిపోతుంది కాబట్టి టీడీఎస్ ఆపమని అడగడంలో తప్పేమీ లేదు. రిఫండ్ మాత్రం ఆ మేరకు తగ్గుతుంది.

ఇక రెండో తప్పు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ కనబడలేదని ఇప్పుడే టెన్షన్ పడొద్దు. ఆ మూడు నెలల టీడీఎస్ స్టేట్‌మెంట్, అంటే ఫారం 24క్యూ, దాఖలు చేయడానికి గడువు జనవరి 31. అది ప్రాసెస్ అయ్యాక మీ 26ఏఎస్‌లోకి వస్తుంది. ఫిబ్రవరి నెలాఖరులో చూడండి. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ సంగతి అలా కాదు. వాటి గడువు అక్టోబర్ 31తోనే అయిపోయింది. జనవరికి కూడా లేదంటే ఎక్కడో తేడా జరిగింది. అక్కడ ఇరుక్కున్నది 16,419.

కారణాలు మూడు నాలుగే ఉంటాయి. స్టేట్‌మెంట్ అసలు వేయకపోవడం ఒకటి. మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టడం ఇంకొకటి, అప్పుడు మీ డబ్బు ఎవరి ఖాతాలోనో కనిపిస్తుంది. డబ్బు కట్టినా చలానా వివరాలు స్టేట్‌మెంట్‌తో కలవకపోవచ్చు. చివరిది, మీ దగ్గర కట్ చేసి ప్రభుత్వానికి కట్టకపోవడం. మొదటిది స్టేట్‌మెంట్ వేస్తే, తర్వాతి రెండూ సవరణ స్టేట్‌మెంట్‌తో తీరిపోయేవే. 26ఏఎస్‌లో ఎంట్రీ పడ్డాక స్టేటస్ గడి కూడా చూడండి. అక్కడ ‘ఎఫ్’ ఉంటే నిశ్చింత. ‘యూ’ ఉంటే చలానా కలవలేదని అర్థం.

దీనికి వేరే మెయిల్ పెట్టండి. రెండూ ఒకే మెయిల్‌లో రాస్తే తేలికైన దానికి జవాబిచ్చి, రెండోదాన్ని నానబెడతారు. ‘ఏమైందండీ’ అని అడక్కండి. జూలై నుంచి సెప్టెంబర్ త్రైమాసికానికి 24క్యూ ఏ తేదీన వేశారు, రసీదు నంబరు ఎంత, చలానా నంబరు, తేదీ, బ్యాంకు బీఎస్ఆర్ కోడ్ (డబ్బు కట్టిన శాఖ నంబరు) ఏమిటి, అందులో నా పాన్ ఎలా నమోదైంది అని అడగండి. కట్టిన వాళ్లయితే ఇవన్నీ పావుగంటలో తీసి పంపుతారు. ‘గవర్నర్‌పేటలో మా ఆడిటర్ గారి దగ్గర ఉన్నాయి’ అని వారాల తరబడి అంటున్నారంటే మీరు అనుమానించాల్సిందే.

నిజంగా కట్టకపోయి ఉంటే భారం వాళ్లదే. కట్ చేసి జమ చేయని సొమ్ముపై నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, స్టేట్‌మెంట్ ఆలస్యానికి రోజుకు 200 రుసుము, మరీ మొండికేస్తే ప్రాసిక్యూషన్ దాకా వెళ్తుంది. మొదటి మెయిల్‌లోనే ఇవన్నీ రాసి బెదిరించకండి. రేపు మళ్లీ అదే స్టాఫ్ రూమ్‌లో కూర్చోవాలి కదా. రెండు వారాల్లో జవాబు రాకపోతే మేనేజ్‌మెంట్‌కు రాయండి, అప్పటికీ కదలకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఈ-నివారణ్ కింద ఫిర్యాదు పెట్టండి. కాలేజీ టాన్ నంబరు (పన్ను కట్ చేసేవాళ్ల గుర్తింపు సంఖ్య) మీ 26ఏఎస్‌లోనే ఉంది.

మీ జీతంలోంచి కట్ అయిన పన్నును మళ్లీ మిమ్మల్ని కట్టమనకూడదని సెక్షన్ 205 చెబుతోంది. ఇలా జమ కాని టీడీఎస్ కోసం ఉద్యోగి మీద ఒత్తిడి తేవద్దని 2015 జూన్ 1న ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయితే ఈ రక్షణ మీ దగ్గర వసూలు చేయకుండా ఆపుతుంది. రిఫండ్ విషయానికి వచ్చేసరికి రిటర్నులు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీ కంప్యూటర్ చూసేది 26ఏఎస్‌నే. ఆ 16,419 అందులోకి రాకపోతే, మీకు 27,417 బదులు 10,998 మాత్రమే వస్తుంది. అందుకే ఇప్పుడే వెంటపడమంటున్నాను. 2025 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా పే స్లిప్, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లు తీసి దాచుకోండి. వాదన వస్తే మీ చేతిలో ఉండే ఆధారాలు అవే.

జూన్ 15లోగా కాలేజీ మీకు ఫారం 16 (టీడీఎస్ సర్టిఫికెట్) ఇవ్వాలి. అందులో పార్ట్ ఎ ఆదాయపు పన్ను శాఖవారి ట్రేసెస్ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసిందే అయి ఉండాలి. ఎక్సెల్‌లో టైపు చేసి, కాలేజీ స్టాంపు వేసి ఇస్తే తీసుకోకండి. పార్ట్ ఎలో నాలుగు త్రైమాసికాల వరసలూ మీ పే స్లిప్పులతో సరిపోయాకే రిటర్న్ వేయండి.