సాల్మొనెల్లాకు జెంటామైసిన్ జోన్ పెద్దగా వచ్చినా రిపోర్టులో ఎందుకు రాయరు?
జోన్ (మందు అద్దిన కాగితపు డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) ఎంత పెద్దదైనా, సాల్మొనెల్లా, షిగెల్లా బ్యాక్టీరియాలకు జెంటామైసిన్, అమికాసిన్, మొదటి రెండు తరాల సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్‌లు పనిచేస్తాయని రాయకూడదు. ప్లేటు మీద బ్యాక్టీరియాను ఆపినా రోగిలో ఆపలేవు. సాల్మొనెల్లా మన కణాల లోపల దాక్కుంటుంది, జెంటామైసిన్ అక్కడికి సరిగా చేరదు. ఆ ఒక్క మాట నమ్మి మందు వేస్తే రోగికే నష్టం.

పరీక్ష మామూలే: 0.5 మెక్‌ఫార్లాండ్ (చిక్కదనపు ప్రమాణం) బ్యాక్టీరియా ద్రావణాన్ని 15 నిమిషాల్లోపు 4 మి.మీ. మందమున్న ముల్లర్-హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పై స్వాబ్‌తో మూడు దిశల్లో పూసి, డిస్కులు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16–18 గంటలు ఉంచాలి. ద్రావణం చిక్కనైనా, అగార్ మందమెక్కువైనా జోన్ కుంచించుకుపోయి, పనిచేసే మందు కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ దగ్గర చిక్కు తిరగబడుతుంది: సాల్మొనెల్లాలో స్వల్ప నిరోధకత దాని డిస్కుకు దొరక్కపోవచ్చు. దాని బదులు, అదే కుటుంబపు మందైన పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల డిస్కు పెట్టండి.